ముడతాకు గడ్డ

నిరుడు ఎండాకాలంలో మా డాబా మీద ఒక తొట్టిని బోర్లించాను. చేసింది అంతే. ఆ సంగతి చెప్పాల్సిన మనిషికి చెప్పడానికి మాత్రం నాకు నాలుగు నెలల పైనే పట్టింది.

మేము ఉండేది వనపర్తిలో. నా ఉద్యోగం నాగర్‌కర్నూల్‌లో, ఒక సర్కారు ఆఫీసులో దస్త్రాలు చూసే పని. పొద్దున్నే బస్సెక్కి పోతే చీకటి పడేవేళకు ఇల్లు చేరతాను. పద్నాలుగేళ్లుగా ఇదే తిరుగుడు. కిటికీ పక్క సీటు దొరికిన రోజు నిద్రపోతాను, దొరకని రోజు నిలబడే కునుకు తీస్తాను. ఇంత అలసటలో ఈ మొక్కల పిచ్చి ఎక్కడి నుంచి పట్టుకుందని మా ఆయన చాలాసార్లు అడిగాడు. నిజానికి తెచ్చింది ఆయనే. మా అమ్మాయి చిన్నప్పుడు సరదాపడితే ఒక గాజు తొట్టి, నాలుగు చేపలు కొనుక్కొచ్చాడు. ఆ ఏడు ఎండలకు చేపలన్నీ పోయాయి. గులకరాళ్ల మధ్య ఒక మొక్క మాత్రం మిగిలింది. పారేద్దామని చెయ్యి పెడితే వేరు దగ్గర గోరంత కొత్త ఆకు తగిలింది. దాన్ని తీసి ఒక రంగు డబ్బాలో పెట్టాను. ఆ తర్వాత డబ్బాలు పెరుగుతూ పోయాయి.

నీటి మొక్కలనగానే అందరూ తామర, కలువ అనుకుంటారు. మావి అలా పైకి వచ్చి కనిపించేవి కావు. నీళ్లలోనే మునిగి పెరుగుతాయి. చూడాలంటే తొట్టి మీదికి వంగి, మన నీడ పడకుండా పక్కకు జరగాలి. కొన్ని వేలెడు ఎత్తు పెరగడానికి ఏడాది తీసుకుంటాయి. ఇంటికి వచ్చిన చుట్టాలు డాబా మీదికి వచ్చి, "ఇందుల ఏమున్నది, నాచు గదా" అని దిగిపోయేవారు.

ఇలాంటి పిచ్చివాళ్లకు ఫోన్‌లో ఒక గ్రూపు ఉంది. ఎక్కువమంది హైదరాబాదు వాళ్లే. వాళ్లవి గోడంత గాజు తొట్లు, ప్రత్యేకమైన లైట్లు, నీళ్లలోకి గ్యాసు వదిలే సిలిండర్లు. నావి రంగు డబ్బాలు, పాడైన ఫ్రిజ్జులోంచి తీసిన కూరగాయల డబ్బా, రెండు సిమెంటు తొట్లు. మా పాలమూరు వైపు నుంచి ఆ గ్రూపులో ఉన్నది ముగ్గురమే. నేను, గద్వాలలో చీరలు నేసే ఒక అక్క, మన్ననూర్‌లో అడవి కాపలాకు కూలి మీద పోయే ఒక తమ్ముడు. మేం ముగ్గురం ఒకరికొకరం మొక్కలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. కొమ్మ తుంచి, తడి న్యూస్‌పేపర్లో చుట్టి, పాలిథిన్ కవర్లో కట్టి, మిఠాయి డబ్బాలో పెట్టి బస్టాండులో పార్సిల్ ఇవ్వడం. డబ్బా మీద పెద్ద అక్షరాలతో "లోపల ప్రాణం ఉంది, ఎండకు పెట్టకండి" అని రాసేదాన్ని. ఒకసారి పార్సిల్ కౌంటర్లో మనిషి భయపడి, "పాములు గిట్ల ఏమన్న ఉన్నయా మేడం?" అని అడిగాడు.

గద్వాల అక్క నాకంటే పదిహేనేళ్లు పెద్ద. మొదటిసారి వాళ్లింటికి పోయినప్పుడు ఆమె గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. లేవలేదు. "మోకాళ్లు లెవ్వనిస్తలేవు చెల్లె, నువ్వే పోయి చూడు" అని పెరటి వైపు చెయ్యి చూపింది. పెరట్లో పాత కుడితి తొట్టి ఉంది. ఇంట్లో బర్రెలున్న కాలం నాటి రాతి తొట్టి. అందులో నీళ్లు తేటగా ఉన్నాయి. అడుగున గోధుమ రంగు కలిసిన పచ్చటి ఆకులు, ఒక్కొక్కటి జానెడు పొడుగు. అంచులు మాత్రం నేను ఎక్కడా చూడనివి. కుచ్చులు కుట్టినట్టు, చిన్న చిన్న మడతలు దగ్గరదగ్గరగా, ఆకు మొదలు నుంచి కొస దాకా ఎక్కడా తప్పకుండా ఉన్నాయి. ఒక ఆకు పైకెత్తి వెలుగుకు పెడితే అవతల నా వేళ్లు కనిపించాయి.

ఆమె పుట్టిల్లు ధరూర్ దగ్గర ఒక పల్లె. ఆ ఊరి గుట్ట మీద వానకు నిండే రాతి గుంతలు ఉండేవట. చిన్నప్పుడు చేనుకు సద్ది తీసుకుపోతూ ఆ గుంతల్లో ఈ మొక్కను చూసేది. పెళ్లయి గద్వాల వచ్చేటప్పుడు రెండు గడ్డలు కొంగున ముడేసుకుని తెచ్చుకుంది. దాని పేరు వాళ్లమ్మకూ తెలియదు. గ్రూపులో ఫోటో పెడితే చదువుకున్నవాళ్లు తలో పేరు చెప్పారు, ఒకరి మాట ఇంకొకరు ఒప్పుకోలేదు. మేం ముడతాకు అనుకున్నాం. హైదరాబాదు నుంచి ఒకాయన ఎంతకైనా కొంటానంటే ఆమె, "అమ్మేది చీర, ఇది కాదు" అని ఫోన్ పెట్టేసింది. నాకు మాత్రం నాలుగేళ్ల కిందట రెండు గడ్డలు ఇచ్చింది. కుంకుడుకాయంత గడ్డలు.

"ఎండాకాలంల ఆకు మొత్తం పోతది. సచ్చిపోయిందనుకోకు. బురదల పండుకుంటది. నీడకు పెట్టి, జర తడి ఉండేటట్టు చూసుకో. వానలు పడంగనే లేస్తది" అని చెప్పింది. గోడ పట్టుకుని మెల్లగా గేటు దాకా వచ్చి, "నీ ఇంట్ల ఉంటే నా ఇంట్ల ఉన్నట్టే. నా దాంట్ల పోతే నువ్విస్తవ్" అంది.

అరుదైన మొక్క ఏదైనా రెండు ఇళ్లలో ఉండాలన్నది మా వాళ్లందరికీ ఉన్న నియమమే. ఆ రోజు ఆ మాట నాకు పెద్దగా అనిపించలేదు. తలూపి వచ్చేశాను.

నిరుడు హోలీ వెళ్లిన వారానికి మా ఆయన పెబ్బేరు దగ్గర బైకు మీద నుంచి పడ్డాడు. తొడ ఎముక విరిగింది. కర్నూలులో ఆపరేషను, పద్దెనిమిది రోజులు దవాఖానలో. తర్వాత ఇంటికి తెచ్చి మంచం మీద పడుకోబెట్టాం. అమ్మాయికి హైదరాబాదులో పరీక్షలు. నాకు సెలవులు అయిపోయాయి. పొద్దున నాలుగున్నరకు లేచి ఆయనకు ఒళ్లు తుడిచి, పక్క మార్చి, వంట చేసి, పక్కింటి ఆమెకు తాళం ఇచ్చి బస్సెక్కేదాన్ని. సాయంత్రం వచ్చి మళ్లీ అదే మొదలు. ఆయన మంచివాడే. కానీ మంచం మీద ఉన్న మనిషికి కోపం వస్తుంది. నాకూ వస్తుంది. ఆ మూడు నెలల్లో మేం సరిగా మాట్లాడుకున్నది తక్కువ.

మే నెలలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది. నీళ్లు పట్టిపెట్టుకోవడానికి ఉన్న బిందెలు, బకెట్లు చాలలేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం డాబా మీదికి పోయాను. సిమెంటు తొట్లు రెండూ గోడ నీడన ఉన్నాయి. ఒక దాంట్లో ఎప్పుడో కుళ్లిపోయిన కలువ తాలూకు మట్టి. ఇంకో దాంట్లో ముడతాకు గడ్డలు నిద్రపోతున్న బురద. రెండూ చూడటానికి ఒకేలా ఉన్నాయి, పగుళ్లు తేలి, మురుగు వాసన కొడుతూ. కింది నుంచి ఆయన పిలుస్తున్నాడు. నాకు కావలసింది ఒక తొట్టి. చేతికి దగ్గరున్నదాన్ని బోర్లించాను. మట్టి బెల్లం అచ్చులా ఊడి పడింది. కాలితో పగలగొట్టి సంచిలో నింపి చెత్తబండికి ఇచ్చేశాను.

తెలియక చేశానని చెప్పుకోలేను. ఏ తొట్టి ఏదో చూసుకోవాలని ఆ క్షణంలో ఎక్కడో తోచింది. చూసే ఓపిక లేకపోయింది.

మృగశిర కార్తె వచ్చింది, ఇంకా వాన పడలేదు. నేను ఆఫీసులో ఉండగా అక్క ఫోన్ చేసింది.

"చెల్లె, నాది మొత్తం పోయింది" అంది. ఇంటికి సున్నం వేయిస్తుంటే పనివాళ్లు మిగిలిన సున్నపు నీళ్లు తెచ్చి కుడితి తొట్టిలో పోశారట. ఎండిన బురదే కదా, ఖాళీ తొట్టి అనుకున్నారు. ఆమె మగ్గం మీద ఉంది, చూడలేదు. నాలుగు రోజుల తర్వాత చూసి, బురద తవ్వి గడ్డలు తీస్తే అన్నీ మెత్తగా కుళ్లిపోయాయి. "ఒక్కటి గూడ మిగల్లె. పోనీ, నీ దగ్గర ఉన్నది గదా. అదొక్కటే ధైర్యం."

డాబా మీద ఆ మధ్యాహ్నం నాకు అప్పుడు పూర్తిగా గుర్తొచ్చింది. కాలి కింద మట్టి విరిగిన చప్పుడు కూడా.

"ఉన్నది అక్కా" అన్నాను.

"మొలిచినంక ఒక్కటి పంపు. తొందరేం లేదు. ముందు ఇంటాయనను చూసుకో."

అంత మంచిగా మాట్లాడిన మనిషికి అబద్ధం చెప్పాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి మిగిలిన తొట్టిని చేత్తో కెలికాను. కలువ మట్టి. దాంట్లో ఏమీ లేదు. సంచి దింపేటప్పుడు ఇంటి వెనక మట్టి ఒలికిన చోట కూడా వేళ్లతో వెతికాను. వేరుశెనగ పొట్టు, గాజు పెంకు దొరికాయి.

అప్పుడే ఫోన్ చేసి చెప్పేయాల్సింది. రోజూ బస్సెక్కేటప్పుడు ఇవాళ చెబుదామనుకునేదాన్ని. ఒక పక్క ఆయన మంచం, ఇంకో పక్క ఆఫీసు. ఇంకొకరి బాధ వినే శక్తి నాలో లేదనుకుంటాను. అక్క వారం విడిచి వారం అడిగేది. "మొలిచిందా?" నేను, "ఇంక లేదక్కా, మా దిక్కు వానలు సరిగ పడలే" అనేదాన్ని. వనపర్తిలో ఆ వారమంతా కుండపోత.

జూలైలో ఒక ఆదివారం, ఆఫీసు పని ఉందని ఆయనకు చెప్పి బయల్దేరాను. అప్పటికి ఆయన వాకర్ పట్టుకుని బాత్రూము దాకా నడుస్తున్నాడు. గద్వాల దాకా బస్సు. అక్క ఇంటి వైపు వెళ్లకుండా బస్టాండు నుంచే షేర్ ఆటోలో ధరూర్, అక్కడి నుంచి ఇంకో ఆటో. ఊరి పేరు అక్క చెప్పిందే గుర్తుంది. గుట్ట ఎక్కడని అడిగితే ఆటో అతను పత్తి చేల అవతలికి చెయ్యి చూపి దింపేశాడు.

గుట్ట సగమే ఉంది. మిగతా సగాన్ని కోసేశారు. లారీలు తిరిగిన బాట తెల్లగా పిండి ఆరబోసినట్టు ఉంది. కింద గొర్రెలు మేపుతున్న ఒక ఆమె, గొడుగు వేసుకుని నిలబడి నన్ను వింతగా చూసింది.

"అమ్మా, గుట్ట మీద రాతి గుంతలుండేవట, యాడ?" అని అడిగాను.

"గుంతలా? గుట్టనే లేకపాయె, గుంతలేడుంటయ్" అంది. తర్వాత జాలిపడిందేమో, "ఈ పక్క గుంతలు మొన్నటిదాక మంచిగనే ఉండె. వానకు నిండినయ్ గూడ. ఈ దిక్కు పగలగొట్టి ఇరవై దినాలు కూడ కాలె" అంది.

ఇరవై రోజులు. అక్క ఫోన్ చేసి నెల దాటింది. ఆ రోజే నిజం చెప్పి ఉంటే ఆమె ఎవరినో ఒకరిని పట్టుకుని గుట్ట ఎక్కించేది. గుంతలు అప్పటికి ఉన్నాయి. అయినా నేను పైకి ఎక్కాను. మిగిలిన వైపు మూడు చిన్న గుంతలు కనిపించాయి. నీళ్లు పాలలా ఉన్నాయి. మోచేతి దాకా చెయ్యి ముంచితే అడుగున మట్టి లేదు, రాతిపొడి పేరుకుని ఉంది. చాలాసేపు కూర్చున్నాను. ఏడుపు కూడా రాలేదు. తిరుగు ఆటో దొరుకుతుందో లేదో అన్న దిగులే ఎక్కువగా ఉంది.

మన్ననూర్ తమ్ముడికి ఫోన్ చేశాను. అతనికి మాత్రం జరిగింది చెప్పాను. అతను చెంచు పెంటలో, అంటే అడవిలోని చిన్న గూడెంలో, పుట్టినవాడు, నల్లమల వాగుల్లో ఏ మడుగులో ఏది ఉందో చెప్పగలడు.

"లోపల ఒక మడుగుల గిట్లాంటిదే ఉన్నదక్కా. అదేనా కాదా నాకు తెల్వదు" అన్నాడు.

"ఒక్క గడ్డ. ఒక్కటే తమ్ముడూ."

"అక్కా, నేను కాపలా మనిషిని. ఆకు తెంపినా తప్పే ఆడ. మా పిల్లలకు గడ్డ తవ్వొద్దని మేమే చెప్తున్నం. నేనే తవ్వితే ఎట్ల? నన్ను అడగకు" అన్నాడు. తర్వాత మెల్లగా, "ఆ అక్కకు చెప్పరాదు? తిడితే తిడతది" అన్నాడు.

నాకు సిగ్గేసింది. దానితోపాటు అతని మీద కోపం కూడా వచ్చింది. అంత సులువుగా ఎలా చెప్పగలిగాడా అని.

తర్వాత చేసిన పని చెప్పడం నాకు ఇష్టం లేదు. కానీ అది చెప్పకపోతే ఇదంతా రాసి లాభం లేదు. నాగర్‌కర్నూల్ దగ్గరి చెరువులో ఇదే జాతి మొక్క ఒకటి దొరుకుతుంది. మామూలుది. ఆకు పొడుగ్గానే ఉంటుంది కానీ అంచు కొద్దిగా అల లాగా తిరుగుతుందంతే, మడతలుండవు. వలలు లాగేవాళ్లు దాన్ని తీసి గట్టు మీద పారేస్తుంటారు. ఆగస్టులో ఒక మధ్యాహ్నం భోజనం మానేసి అక్కడికి పోయి, ఆ కుప్పలోంచి రెండు మంచి గడ్డలు ఏరాను. ఆకులు కోసేశాను. గడ్డలు చూస్తే ఎవరికీ తేడా తెలియదు. తడి పేపర్లో చుట్టి, డబ్బా మీద నా చేత్తో "ముడతాకు" అని రాసి గద్వాలకు పార్సిల్ వేశాను. ఆ సాయంత్రం బస్సులో కిటికీ పక్క సీటు దొరికినా నిద్ర పట్టలేదు.

అక్క ఫోన్ చేసి, "ముట్టింది చెల్లె. నాటిన" అంది. ఆమె గొంతులో సంతోషం విన్నాను. ఆ తర్వాత ఫోన్ రాలేదు. సెప్టెంబరు మొత్తం రాలేదు. గ్రూపులో కూడా ఆమె ఏమీ పెట్టలేదు. ఒక్కో ఆకు విచ్చుకునే కొద్దీ అక్కడ ఏం బయటపడుతుందో నాకు తెలుసు. రోజులు లెక్కపెట్టుకుంటూ ఉన్నాను.

దసరా సెలవుల్లో ఆయన కర్రతో వీధి చివర దాకా నడిచి వచ్చాడు. ఆ మరుసటి రోజు నేను గద్వాలకు పోయాను. ఈసారి అబద్ధం చెప్పలేదు. మొత్తం ఆయనకు చెప్పాను. ఆయన విని, "నన్ను చూసుకునే తిప్పలల్ల అయింది. ఆమెకు గట్లనే చెప్పు" అన్నాడు. ఆయన నన్ను ఓదార్చాలనే అన్నాడు.

అక్క ఎప్పటిలాగే మగ్గం మీద ఉంది. నన్ను చూసి చెయ్యి ఆపింది. "పెరట్లకు పోయి చూసిరా" అంది. పోయాను. రాతి తొట్టి కడిగి శుభ్రంగా ఉంది. ఆకులు ఏపుగా పెరిగాయి. అంచులు దాదాపు తిన్నగా ఉన్నాయి. తిరిగి వచ్చి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అక్కా, అది..."

"తెలుసు."

"ఎప్పటి నుంచి?"

"మూడో ఆకుకు తెలిసింది. నలభై ఏండ్ల నుంచి అంచులు నేస్తున్న. అంచు తెల్వదా నాకు?"

నేను మొదలుపెట్టాను. ఆయన పడటం, కర్నూలు దవాఖాన, కుళాయి రాకపోవడం, తొట్టి. ఒకదాని మీద ఒకటి గబగబా చెబుతున్నాను. ఆమె చెయ్యి ఎత్తి, "సాకు" అంది.

అన్నీ సాకులు చెబుతున్నానంటోంది అనుకున్నాను. ఆమె నా ముఖం చూసి, "చాలు అంటున్న చెల్లె" అంది. వాళ్లమ్మ రాయచూరు మనిషి. ఇంట్లో అలసిపోయినప్పుడు ఆమెకు కన్నడ మాట వస్తుంది. అయినా నాకు వినిపించిన అర్థం కూడా తప్పు కాదు.

"గుట్ట మీదికి పోయినవా?" అని అడిగింది. పోయానన్నాను. ఎట్లుందంటే చెప్పాను. గొర్రెలు మేపే ఆమె చెప్పిన ఇరవై రోజుల మాట దాచవచ్చు. దాచలేదు. అదీ చెప్పాను.

అక్క పడుగు మీద చెయ్యి ఆనించి అలాగే కూర్చుంది. చివరికి, "నీ దాంట్ల పోయినందుకు కోపం లేదు. నా దాంట్ల పోలేదా? ఆ దినం చెప్పి ఉంటే నేను పాకుకుంటన్న పోయి తెచ్చుకుందును" అంది. గొంతు పెంచలేదు. నేను క్షమించమని అడిగాను.

ఆమె కోడలిని పిలిచి అన్నం పెట్టమంది. జొన్న రొట్టె, పప్పు, పచ్చిమిరపకాయ తొక్కు. తిన్నాను. వద్దనడానికి కూడా ఓపిక లేదు. లేస్తుంటే గోడకు ఆనుకుని కాసేపు కళ్లు మూసుకున్నాను. అక్క చూసి, "నీ మొఖం అద్దంల చూసుకున్నవా? పీనుగు లెక్క ఉన్నవ్. జర సేపు పండుకో. బస్సు ఆరింటికి గూడ ఉన్నది" అంది. చాప మీద ఒరిగాను. నేను చేసిన పనికి ఆ ఇంట్లో నిద్ర పడుతుందనుకోలేదు. మగ్గం చప్పుడు రెండు మూడు సార్లు విన్నట్టు గుర్తు. లేచేసరికి వాకిట్లో నీడలు సాగాయి. మార్చి నుంచి అంత ఒళ్లెరగని నిద్ర పోలేదు.

బయల్దేరేటప్పుడు అలవాటు కొద్దీ, ఇంకేదైనా మొక్క కొమ్మ ఇస్తుందేమోనని తొట్టి వైపు చూశాను. ఆమె కనిపెట్టింది. "ఇప్పుడు నీకు ఏదీ ఇయ్య" అంది. కోపంగా కాదు. "నీకు చూసుకునే శక్తి లేదు. ఉన్నయి కూడా తీసెయ్, రెండో మూడో పెట్టుకో. శక్తి వచ్చినంక అడుగు, ఇస్త."

ఆమె చెప్పినట్టే చేశాను. డబ్బాలు చాలావరకు మన్ననూర్ తమ్ముడికి, గ్రూపులోని హైదరాబాదు వాళ్లు ఇద్దరికి పంపేశాను. డాబా మీద ఇప్పుడు మూడే ఉన్నాయి. ఒక్కోదాని మీద పేరు, తేదీ పెయింటుతో రాసి పెట్టాను. అక్క, నేను నెలకోసారి మాట్లాడుకుంటాం. మునుపటంత సేపు కాదు. ఆయన కాలు, ఆమె మోకాళ్లు, చీరలకు ఆర్డర్లు. చెరువు గట్టున ఏరి పంపిన మొక్క ఆమె తొట్టిలో ఇంకా పెరుగుతోంది. పీకేస్తావా అని ఒకసారి అడిగాను. "ఎందుకు పీకేస్త? అదేం తప్పు చేసింది?" అంది.

ఈ ఏడు వానలకు అది పూసిందట. ఫోటో పంపింది. నీళ్ల పైకి వచ్చిన చిన్న తెల్ల కంకి. నేను చూసి, బాగుందక్కా అని రాశాను.